కావలసినవి: నీళ్ళు, నీడ, జానెడు నేల

తెలుగులో వంట గురించి రాసే ఏ పేజీ తీసినా రెండు శీర్షికలు కనిపిస్తాయి. ఒకటి ‘కావలసినవి’, రెండోది ‘తయారుచేసే విధానం’. కావలసినవాటి కింద పావుకిలో వంకాయలు, నాలుగు పచ్చిమిరపకాయలు, చెంచా నెయ్యి, తగినంత ఉప్పు ఉంటాయి. ఆ నీళ్ళు ఎవరు మోసుకొచ్చారో ఉండదు. పొయ్యి ఎవరి జాగాలో ఉందో ఉండదు. వండే మనిషి పొద్దున ఎన్ని గంటలకు ఇల్లు విడిచి పనికి పోవాల్నో ఉండదు. ఇవన్నీ ముందే ఉన్నాయనుకొని, ఉన్నవాళ్ళకే చెప్పే మాటకు ‘సులభమైన ఇంటివంట’ అని పేరు. ఈ సులభం ఎవరికి సులభం అని అడగడమే ఈ వ్యాసం పని.

భూమి, కూలి, రిజర్వేషన్ల వంటి పెద్ద ప్రశ్నలు ముందరుండగా వంటింటి చిట్కాల మీద విమర్శ ఏమిటని మనవాళ్ళే అడగొచ్చు. అంబేద్కర్ దీన్ని చిన్న ప్రశ్న అనుకోలేదు. 1936లో ‘కుల నిర్మూలన’ రాస్తూ ఆయన జైపూర్ సంస్థానంలోని చక్వారా గ్రామం సంగతి చెప్పాడు. తీర్థయాత్ర చేసి వచ్చిన ఒక అంటరాని కులస్తుడు తనవాళ్ళకు విందు పెట్టాడు. వడ్డించినవాటిలో నెయ్యి ఉంది. తింటుండగానే వందలమంది హిందువులు కర్రలు పట్టుకొని వచ్చిపడి, వంటను పాడుచేసి, తినేవాళ్ళను కొట్టారు. నెయ్యి కొనే స్తోమత ఉన్నా తినే హక్కు లేదని చెప్పడానికే ఆ దాడి. వంట పుస్తకంలో ‘చెంచా నెయ్యి’ అని చదివినప్పుడు మనకు చక్వారా గుర్తుకు రావాలి.

నీళ్ళ సంగతి మన దగ్గరిదే. కారంచేడులో 1985 జూలై 17న ఆరుగురు మాదిగలను చంపారు. తగాదా మొదలైంది మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర. బర్రెల కుడితి బకెట్ కడిగి తాగే నీళ్ళను ఖరాబు చేస్తుంటే ఇదేం పని అని అడిగినందుకు. కొట్టవచ్చినవాళ్ళ మీదికి మున్నంగి సువార్తమ్మ ఎత్తింది నీళ్ళకు తెచ్చుకున్న బిందెనే. ఆ బిందె ఒక ఇంటి సామాను. ఒక ఆడమనిషి ఇల్లు గడుపుకోవడానికి పొద్దుటిపూట పట్టుకొని బయలుదేరిన వస్తువు. ఇంటి నిర్వహణ అనే మాటకు మన చరిత్రలో ఉన్న అర్థం ఇది. చిట్కాల పేజీలో ఉన్న అర్థం వేరు.

ఆ పేజీకీ ఒక చరిత్ర ఉంది. కందుకూరి వీరేశలింగం 1883లో స్త్రీల కోసం ‘సతీహితబోధిని’ పత్రిక పెట్టాడు. 1928లో మద్రాసులో కేసరి ‘గృహలక్ష్మి’ మొదలైంది. ఆ పేర్లలోనే సంగతంతా ఉంది. ఒకచోట సతి, ఇంకోచోట గృహానికి లక్ష్మి. ఇల్లున్న స్త్రీకి, ఇంట్లోనే ఉండే స్త్రీకి మంచి చెప్పే రాతలివి. తర్వాత మాలతీ చందూర్ ‘ఆంధ్రప్రభ’ వారపత్రికలో దశాబ్దాల తరబడి ‘ప్రమదావనం’ నడిపింది. ఆమె ‘వంటలు–పిండివంటలు’ ఎన్నో ముద్రణలు పొంది తెలుగు ఇళ్ళల్లో తిరిగింది. అత్తగారి చాటునుంచి పట్నం కాపురానికి వచ్చి, చెప్పేవాళ్ళు లేక, పొయ్యి ముందర బిక్కమొగం వేసుకున్న ఆడపిల్లలకు ఆ పుస్తకం తోడైంది. ఆ మేలును కాదనడం న్యాయం కాదు. నా అభ్యంతరం ఒక రచయిత్రి మీద కాదు. ఈ రాతలన్నీ కలిసి ఊహించుకున్న పాఠకురాలి మీద. ఆమెకు ఇల్లుంది. పెరడుంది. మధ్యాహ్నం కాసేపు తీరిక ఉంది. అన్నిటికన్నా ముఖ్యం, అంట్లు తోమి, గచ్చు కడిగి, చెత్త ఎత్తిపోసే ఇంకొక ఆడమనిషి ఉంది. ఆ ఇంకొక ఆడమనిషి చిట్కాల పేజీలోకి ఎప్పుడన్నా వస్తే ‘పనిమనిషి’గానే వస్తుంది. పాఠకురాలిగా రాదు.

‘మిగిలిన అన్నంతో ఏం చేయొచ్చు’ అనేది ఈ పేజీలకు ఇష్టమైన శీర్షిక. పోపు వెయ్యమంటారు, వడియాలు పెట్టమంటారు. మన ఇళ్ళల్ల ‘మిగిలింది’ అనే మాటకు వేరే అర్థముంది. వెట్టి చేసినందుకు, పశువును ఈడ్చినందుకు, డప్పు కొట్టినందుకు ఊళ్ళెకెల్లి వచ్చిన అన్నమే మిగిలిన అన్నం. అది ఒకరి ఇంట్ల మిగిలి ఇంకొకరి ఇంటికి కూలిగా వచ్చింది. దాన్ని తిరగమోత పెట్టి కొత్తగ చేసుడు మా అమ్మమ్మల తరానికి సరదా కాదు. ఎవరో తిని వదిలిన వాసన పోగొట్టుకునే ప్రయత్నం. ఒకే పని ఒక ఇంట్ల పొదుపు అనిపించుకుంటది, ఇంకొక ఇంట్ల బతుకు. పేజీ మాత్రం మొదటిదాన్నే అచ్చేసింది.

నేనుండేది సంతోష్‌నగర్‌లో. పాతబస్తీ అంచున, ఐ.ఎస్. సదన్‌కూ కంచన్‌బాగ్‌కూ నడుమ. 1960, 70 దశకాల్లో కంచన్‌బాగ్ వైపు రక్షణ ప్రయోగశాలలు, భారత్ డైనమిక్స్, మిధాని వచ్చినయి. వాటితోపాటు ఉద్యోగులు, కాలనీలు వచ్చినయి. కాలనీలకు తోటలు, తోటలకు కూలీలు కావాల్సి వచ్చింది. మా అమ్మ ఏండ్ల తరబడి ఒక క్వార్టర్ల సముదాయంలో కాంట్రాక్టు మీద తోటపని చేసింది. గడ్డి కోసింది, పాదులు తవ్వింది, గులాబీలకు పేడ ఎరువు పెట్టింది. పెరటి తోట గురించి పేజీలు రాసేవాళ్ళకు తెలిసినంత విద్య ఆమె చేతులకు తెలుసు. ఆమెకు మాత్రం పెరడు లేదు. రెండర్రల కిరాయి పోర్షనుకు ముందర రెండడుగుల గచ్చు, పక్కన మోరీ ఉన్నాయి.

అయినా ఆ మోరీ పక్కన చేమ ఉంది. పాత పెయింటు డబ్బాలల్ల పుదీన, బచ్చలి, తోటకూర ఉన్నాయి. గోడమూలన మునగ ఉంది. వీటిల్ల ఒక్కదానికి కూడా విత్తనం కొనలేదు. మునగ కొమ్మ నరికి నాటితే చిగురేస్తది. బచ్చలి తీగ ముక్క, పొన్నగంటి కణుపు తడిమట్టిలో గుచ్చితే చాలు. పుదీన మండీల కొన్న కట్టలోనే వేరున్న కాడ దొరుకుతది. తోటకూర ఒక్క మొక్కను కొయ్యకుండ వదిలితే అదే గింజ రాల్చుకొని మళ్ళ మొలుస్తది. చేమ తడి ఉన్నచోట తనంతట తనే పాకుతది. బియ్యం కడిగిన నీళ్ళు, పప్పు కడిగిన నీళ్ళు వీటికే పోతయి. ఇది తోట పెంచే కళ కాదు. నేల లేని మనిషి నేలను దొరికించుకునే పద్ధతి. ఇల్లు ఖాళీ చెయ్యమంటే డబ్బాలు ఎత్తుకొని పోవచ్చు. మునగచెట్టును ఎత్తుకొని పోలేం. అందుకే మా అమ్మ ఇల్లు మారిన ప్రతిసారి పెట్టెలకన్నా ముందు ఒక మునగ కొమ్మ నరికి తడిగుడ్డలో చుట్టుకుంటది. ఏ తోటల పేజీలోనూ నేనీ చిట్కా చూడలేదు. ఆ పేజీలు చదివేవాళ్ళకు ఇల్లు ఖాళీ చేసే భయం ఉండదు గద.

నీళ్ళ లెక్క కూడ ఇట్లనే. 2021లో నగరంలో ఇంటి కనెక్షన్లకు నెలకు 20,000 లీటర్ల దాక ఉచితంగా ఇచ్చే పథకం మొదలైంది. కాని కనెక్షన్ ఇంటి ఓనరుది. నాలుగు పోర్షన్లకు ఒక్క నల్లా. నల్లా వచ్చే పొద్దు ఏ డ్యూటీకి పోయేవాళ్ళను చూసుకొని రాదు. ‘కూరగాయలను మూడు నాలుగు నీళ్ళల్లో శుభ్రంగా కడగాలి’ అని రాసే వాక్యం ఎంత నీటి ఆస్తిని అడుగుతున్నదో బిందె మోసినవాళ్ళకు తెలుస్తది.

ఇక కూర దగ్గరికి వద్దాం. పాతబస్తీకి ఒక గొప్పదనం ఉంది. ఇక్కడ పెద్దకూర కొనుక్కోవడానికి మొగం దాచుకోవలసిన పని లేదు. ముస్లిం పేదలు, మనవాళ్ళు ఒకే దుకాణం ముందు నిలబడతారు. కష్టం ఇంటికొచ్చినంక మొదలైతది. కిరాయికి ఇల్లు అడిగితే మొదటి ప్రశ్న ‘వెజ్జా నాన్‌వెజ్జా’ అని. అది తిండి ప్రశ్న లెక్క కనబడే కులం ప్రశ్న. చికెన్, మటన్ అని చెప్పి ఇంట్ల చేరి, ఆదివారం పెద్దకూర వండేటప్పుడు కిటికీలు మూసిన రోజులు నాకున్నాయి. పొగకు కండ్లు మండినా తలుపు తియ్యనిచ్చేదాన్ని కాదు. మా అమ్మ కసురుకునేది: “కూర గాదు బిడ్డా, మనల్నే ఉడకవెడ్తున్నవ్.” ఎం.ఏ. చదివిన నాకు ఆ మాటకు జవాబు దొరకలేదు.

ఇదే నగరంలో హైదరాబాద్ హలీంకు 2010లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. మంచిదే. గంటల తరబడి మాంసాన్నీ గోధుమనూ ఉడికించి మెదిపే ఓపిక గౌరవానికి తగినదే. కాళ్ళను రాత్రంతా కాచిన పాయా కూడ ఈ నగరం గర్వంగా చెప్పుకునే వంట. బొక్కల్లోని సారం బయటికి రావాలంటే సన్నసెగ మీద చాలాసేపు కాగాలె అనే జ్ఞానం వాటికి ఆధారం. సరిగ్గా అదే జ్ఞానం మాదిగవాడలో, మాలవాడలో ఉంది. అక్కడ దాన్ని వంటకం అనలేదు, ‘బొక్కలు కాచుకునుడు’ అన్నరు. గిన్నె మారినా వాసన మారలేదు. మారింది ముందర కూర్చున్న మనిషి కులం. పాయా తిన్న నోరు మనింటి ముందు నుంచి పోతూ ముక్కు మూసుకుంటే, ఆ ముక్కు వాసన చూసి మూసుకున్నది కాదు.

మన వంటింటి విద్య ఎంత శాస్త్రీయమైందో ఒక్క తునకల దగ్గర చూడొచ్చు. దొరికిన మాంసాన్ని పలచగా, పొడుగ్గా చీరి, ఉప్పు పసుపు పట్టించి దండెం మీద ఎండేస్తరు. నీరు పోతే కుళ్ళు పట్టదు. ఉప్పు ఆ పనికి సాయం చేస్తది. పురుగు రాకుండ కుండమూతికి గుడ్డ కడ్తరు. వండేనాడు నిప్పుల మీద కాల్చి, దంచి, చింతచిగురుతోనో పుంటికూరతోనో ఉడకవెడ్తరు. ఆ పులుపు ఎండి గట్టిపడ్డ పీచును మెత్తబరుస్తది. కొవ్వును పారెయ్యరు, కరిగించి నూనెకు బదులు వాడ్తరు. బోటిలో దుప్పటసొంటి పొర నల్లగ ఉంటది. సున్నం రాసి వేడినీళ్ళల్ల ముంచి గీకితే తెల్లగ వస్తది. ఫ్రిజ్ లేని ఇంట్లో, నూనె కొనలేని ఇంట్లో, వారానికొకసారి కూడా మాంసం ఖాయం కాని ఇంట్లో ఆడోళ్ళు కనిపెట్టిన పద్ధతులివి. ఆవకాయలో ఉప్పూ నూనే చేసే పనిని ‘సంప్రదాయ విజ్ఞానం’ అని రాసినవాళ్ళు తునకలలో ఉప్పూ ఎండా చేసే పనిని అనాగరికం అన్నారు. చేసే పని ఒక్కటే అయినప్పుడు పేరు రెండుగా ఎందుకైందో విమర్శకులు చెప్పాలె.

ఆకుకూరలది ఇంకొక కథ. జహీరాబాద్ ప్రాంతం పస్తాపూర్‌లో 1983 నుంచి పనిచేస్తున్న డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లో ఎక్కువమంది దళిత స్త్రీలు. నాటకుండా, నీరు పెట్టకుండా చేలల్లో తమంతట తాము మొలిచే ఆకుకూరలను వాళ్ళు పేరుపేరునా చెప్తరు. గునుగు, జొన్నచెంచలి, తుమ్మికూర, గంగవాయిలి. వ్యవసాయ శాస్త్రం పుస్తకంలో వీటికి పేరు ‘కలుపు’. పీకేసి కూలి తీసుకునే ఆడమనిషే వాటిని కొంగులో కట్టుకొచ్చి కూర వండుకుంది. దొరకు కలుపైనది కూలికి కూరయింది. ఆ సంఘాల స్త్రీలే 2008లో మాచ్నూర్‌లో ‘సంఘం రేడియో’ పెట్టుకొని తమ పంటలు, తమ వంటలు తమ నోటితో చెప్పుకున్నారు. చదువు రానివాళ్ళకు చిట్కాల పేజీ అక్కరలేదు. గొంతుకు ఒక జాగా ఉంటే చాలు.

ఇంతవరకు చెప్పింది వాళ్ళ గురించి. ఇక మన గురించి కూడా కొంత కటువుగా మాట్లాడుకోవాలి.

స్త్రీవాదులు వంటింటిని చెరగా చూపించారు. విమల ‘వంటిల్లు’ కవిత ఆ పనిని బలంగా చేసింది. ఆ కోపం నిజమైనదే. కాని దళిత స్త్రీకి వంటిల్లు ఒక్కటి కాదు. ఒకటి ఆమెను రానివ్వని వంటిల్లు. రెండోది రానిచ్చి, అంట్ల దగ్గరే ఆపేసిన వంటిల్లు. మూడోది తన మూడు రాళ్ళ పొయ్యి. దానికి చుట్టూ గోడలే లేవు. లేని గోడలను పగలగొట్టమని ఆమెకు చెప్పలేం. గోగు శ్యామల కూర్చిన ‘నల్లపొద్దు’ సంకలనం, జాజుల గౌరి ‘మన్నుబువ్వ’ కథలు, జూపాక సుభద్ర రాతలు ఈ తేడాను చూపించినయి. తెలుగులో మన తిండి చరిత్రను ఎక్కువగా మోసింది ఈ సృజన సాహిత్యమే. మన పరిశోధన ఆ దారిని ఇంకా సరిగ్గా అందుకోలేదు. పూణె విశ్వవిద్యాలయంలో శర్మిలా రేగే, ఆమె విద్యార్థులు 2009లోనే దళితుల తిండి జ్ఞాపకాలను ‘ఈజ్‌న్ట్ దిస్ ప్లేట్ ఇండియన్?’ పేరుతో పుస్తకం చేశారు. మరాఠీలో షాహూ పాటోళే 2015లో ‘అన్న హే అపూర్ణ బ్రహ్మ’ రాసి మాంగ్, మహార్ వంటలను జ్ఞాపకాలతో, చేసే విధానాలతో సహా అచ్చులోకి తెచ్చాడు.

మన మగవాళ్ళ సంగతి వేరుగా చెప్పాలి. 2012 ఏప్రిల్ 15న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విద్యార్థులు పెద్దకూర పండుగ చేశారు. దాడులు జరిగినా వెనక్కి తగ్గలేదు. హాస్టలు మెస్సులో ఎవరి తిండికి చోటుందో అడిగిన ఆ పండుగ అవసరమైంది, దాన్ని సమర్థించాలి. కాని దాని తర్వాత వచ్చిన మన కవితల్లో, ఉపన్యాసాల్లో కూర ఉంది, వండిన చెయ్యి కనబడలేదు. బోటి కడిగిన గంటలు లేవు. మాంసం అందరికీ వడ్డించినంక కుండ అడుగున పులుసు మిగిలిన ఆడమనిషి లేదు. ఆత్మగౌరవం వంటకానికి వచ్చి వంట మనిషికి రాకపోతే అది సగమే.

ఇంకొక ప్రమాదం మురిపెం. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. జొన్న, కొర్ర ఇప్పుడు అందమైన ప్యాకెట్లలో దొరుకుతున్నాయి. మనం ఉబ్బిపోయి ‘మా తాతలు తిన్నదే గొప్ప తిండి’ అని రాస్తున్నాం. మా అమ్మ ఒప్పుకోదు. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చినప్పుడు ఇంట్ల అన్నం వండిన రోజు ఆమెకు గుర్తుంది. “గట్క తిని తిని నాలిక మొద్దువారింది. అన్నం పండుగకే సూశెటోళ్ళం. అన్నం కుండ ఉడుకుతుంటె వాసన సూసుకుంట కూసున్న” అంటది. జొన్న ఒంటికి మంచిదే కావచ్చు. కాని అన్నం ఆమెకు తిండి ఒక్కటే కాదు, ఊళ్ళోవాళ్ళ కంచంతో సమానమైన కంచం. మన తిండిని పొగిడేటప్పుడు ఆకలిని మరిచిపోతే, మనమూ ఆ చిట్కాల పేజీ రాసేవాళ్ళలాగే మాట్లాడుతున్నామని అర్థం.

పోయిన ఎండాకాలం నేను తునకల కూరను రాసిపెట్టుకుందామని నోటుబుక్కు తీసుకొని అమ్మ ముందర కూచున్నాను. పైన ‘కావలసినవి’ అని రాశాను.

“మాంసం ఎంత అమ్మా?”

“ఎంత దొరికితె అంత.”

“నలుగురికైతే?”

“నలుగురే ఎప్పుడున్నరు? ఎవలొస్తె వాళ్ళకు ఇంత పులుసు వోస్తం.”

“ఎంతసేపు ఉడకాలె?”

“పోరగాళ్ళు నిద్రవోకముందు దించాలె.”

“చింతచిగురు లేకుంటే?”

“లేకుంటె శింతపండు. గదీ లేకుంటె ఉత్త ఉప్పు కారం. గిదేం రాసుకుంటవ్ బిడ్డా, సదువుకున్నోళ్ళు గిది గూడ సదువుతరా?”

మొదట్లో నాకు చిరాకు వేసింది, లెక్క చెప్పదేమని. తర్వాత నోటుబుక్కు చూసుకుంటే తెలిసింది, ఆమె అన్నిటికీ లెక్క చెప్పింది. మాంసానికి కొలత దొరకడం, పులుసుకు కొలత వచ్చిన మనుషులు, పొయ్యికి కొలత పిల్లల నిద్ర. నా శీర్షికే ఆ లెక్కను పట్టలేకపోయింది. పావుకిలో, అరగంట అనే కొలతలు అన్నీ చేతిలో ఉన్నవాళ్ళ కొలతలు. ఏది ఉంటదో ఏది ఉండదో తెలియని ఇంట్లో వంట అంటే ప్రతిపూటా కొత్తగా చేసే ఆలోచన. దాన్ని ‘సులభం’ అని ఎవరూ అనలేదు, ‘విద్య’ అని కూడా అనలేదు.

అందుకే మన వంటింటి రాతలకు వేరే శీర్షికలు కావాలి. ఈ పత్రిక చదివే పరిశోధక విద్యార్థులకు నాదొక మనవి. మీ ఇంట్లో పెద్ద ఆడవాళ్ళున్నప్పుడే కూర్చొని రాసుకోండి. సరుకు ఎక్కడినుంచి వచ్చింది: కొన్నదా, కూలికి వచ్చిందా, చేనుగట్టున ఏరిందా? నీళ్ళు, కట్టెలు ఎవరు తెచ్చారు? ఎవరు ముందు తిన్నారు, ఎవరు చివర తిన్నారు? ఆ వంటను వాడలో ఏ పేరుతో పిలిచారు, ఊళ్ళో ఏమని తిట్టారు? ఈ నాలుగూ రాసినంక, కింద ఉప్పూ కారం లెక్క కూడా రాయండి. అదీ కావాలి. మన పిల్లలు వండుకోవాలి గద.

నేను రాసిన కాగితం మీద ‘కావలసినవి’ అనే మాట అట్లనే ఉంచాను. దాని కింద మొదటి వరుసలో నీళ్ళు అని రాశాను. తర్వాత నీడ అని, జానెడు నేల అని రాశాను. మాంసం నాలుగోది. అమ్మకు చదివి వినిపిస్తే, “కిటికి తెర్సుడు గూడ రాయి” అన్నది. రాశాను.